కాగితం మీద తేలే దూరం

మార్చి వచ్చిందంటే అమెరికా దక్షిణాది అడవుల్లో టర్కీ పుంజులు కూత మొదలుపెడతాయి. ఏప్రిల్‌లో ఆ కూత మిస్సోరీ, పెన్సిల్వేనియా కొండల్లో వినిపిస్తుంది. మే నెలలో ఉత్తరాన మెయిన్ రాష్ట్రం దాకా వెళుతుంది. జతకట్టే కాలం అది. రాత్రంతా చెట్టు కొమ్మ మీద నిద్రపోయిన పుంజు తెలతెలవారుతుండగా పెట్టల కోసం గొంతెత్తుతుంది. వేటగాడు చీకటి ఉండగానే అడవిలోకి వెళ్ళి, లావుపాటి చెట్టు మొదట్లో వీపు ఆనించి కూర్చుంటాడు. చెక్కపెట్టెతోనో, పలక మీద పుల్ల రాసో, నోట్లో పెట్టుకున్న రబ్బరు పొరతోనో పెట్ట పిలుపు పలికిస్తాడు. నమ్మిన పుంజు అడుగులో అడుగు వేసుకుంటూ, తోక విప్పి, రెక్కలు నేలకి రాస్తూ వస్తుంది.

ఈ వేట గురించి మాట్లాడేవాళ్ళు ఎక్కువగా ఆ పిలుపుల గురించే మాట్లాడతారు. నేను ఈ పూట దానికన్నా ముందు జరగాల్సిన పని గురించి చెబుతాను. సీజన్‌కి నెలా రెండు నెలల ముందే, అడవికి దూరంగా, ఒక మట్టిగట్టు ముందు నిలబెట్టిన కాగితం మీద జరిగే పని అది. మన తుపాకీలో ఫలానా తూటా వేస్తే, ఫలానా దూరంలో, పెల్లెట్లు ఎంత దగ్గరదగ్గరగా పడుతున్నాయి, ఎక్కడ పడుతున్నాయి అని పేల్చి చూసి లెక్కపెట్టుకోవడం. అమెరికాలో దీన్ని ప్యాటర్నింగ్ అంటారు. ఈ పని చేయకుండా అడవిలోకి వెళ్ళేవాణ్ణి నేను వేటగాడిగా లెక్కవేయను. మాట కటువుగా అనిపించవచ్చు, కానీ కారణం ఉంది.

ఆ కారణం పక్షి ఒంట్లోనే ఉంది. ఎదిగిన టర్కీ పుంజు 8 నుంచి 10 కిలోలు తూగుతుంది. ఒకదాని మీద ఒకటి పరుచుకున్న గట్టి ఈకలు, వాటి కింద దళసరి రొమ్ము కండ, అటూ ఇటూ రెక్కల ఎముకలు. షాట్‌గన్ నుంచి వచ్చే చిన్న సీసం పెల్లెట్లు మామూలుగా వేటలో పేల్చే దూరంలో ఆ ఒంటికి తగిలితే చాలావరకు కండలోనే ఆగిపోతాయి. పక్షి పడదు. పరుగెత్తుతుంది, ఎగురుతుంది, పొదల్లో దూరుతుంది. జింకకి గుండు తగిలినప్పటిలా నెత్తుటి జాడ పట్టుకుని వెళ్ళడానికి ఉండదు. ఆ గాయంతో అది ఏ వాగు ఒడ్డునో రోజుల తరబడి బాధపడి చస్తుంది. ఎవరికీ దొరకదు, నక్కల పాలవుతుంది. కాబట్టి ఈ వేటలో గురి ఒక్కటే: తల, మెడ. మెదడుకో మెడ వెన్నుపూసకో నాలుగు పెల్లెట్లు గట్టిగా తగిలితే పుంజు నిలబడ్డచోటే కూలిపోతుంది. అయితే ఆ మెదడు చాలా చిన్నది. మెడ సన్నం. పైగా పుంజు తల ఒక్కచోట నిలవదు, అడుగడుక్కీ ముందుకీ వెనక్కీ ఊగుతుంటుంది. తోక విప్పి విర్రవీగుతున్నప్పుడు మెడ ఒంట్లోకి ముడుచుకుని ఉంటుంది. అప్పుడు పేల్చకూడదు. చిన్నగా ఒక కూత వినిపిస్తే, ఏమిటా అని మెడ నిటారుగా చాస్తుంది. ఆ రెండు మూడు క్షణాలే వేటగాడివి.

అంత చిన్న చోట, అంత కదిలే చోట, తగినన్ని పెల్లెట్లు తప్పకుండా పడతాయన్న హామీ ఎవరిస్తారు? తుపాకీ అమ్మినవాడు ఇవ్వడు. తూటా పెట్టె మీద రాసిన గొప్పలు ఇవ్వవు. కాగితమే ఇస్తుంది.

షాట్‌గన్ గురించి కొంచెం చెప్పుకుందాం. మన పల్లెల్లో వెనకటి తరం చూసిన డబుల్ బ్యారెల్ 12 బోర్ తుపాకీ ఈ జాతిదే. ఒక పౌను సీసాన్ని 12 సమానమైన గుండ్లుగా పోస్తే, అందులో ఒక గుండు పట్టేంత వెడల్పు గొట్టం 12 బోర్. అదే లెక్కన 20 బోర్ గొట్టం సన్నం. రైఫిల్ నుంచి ఒక్క గుండు వెళితే, దీన్నుంచి వందల పెల్లెట్లు ఒక్కసారి వెళతాయి. గొట్టం దాటగానే అవి విచ్చుకోవడం మొదలుపెడతాయి. అందుకే గొట్టం కొసని కాస్త ఇరుకు చేస్తారు. తోటకి నీళ్ళు పట్టే పైపు మూతిని వేలితో నొక్కితే ధార దూరం పోయినట్టు, ఆ ఇరుకు వల్ల పెల్లెట్ల గుంపు మరికొంత దూరం వరకు విడిపోకుండా వెళుతుంది. ఆ ఇరుకే చోక్.

చోక్ ఎవరు కనిపెట్టారన్నది పాత తగువు. ఇంగ్లండ్‌లో న్యూకాసిల్ తుపాకుల తయారీదారు విలియం రోచెస్టర్ పేప్ 1866లో పేటెంటు తీసుకున్నాడు. అమెరికాలో ఇలినాయ్ బాతుల వేటగాడు ఫ్రెడ్ కింబల్ తానే ముందని చెప్పుకున్నాడు. బర్మింగ్‌హామ్‌కి చెందిన డబ్ల్యూ.డబ్ల్యూ. గ్రీనర్ 1870ల నడుమ దాన్ని నమ్మకంగా పనిచేసేలా తీర్చిదిద్ది, లండన్ పోటీల్లో నిరూపించాడు. 40 గజాల దూరంలో 30 అంగుళాల వలయం గీసి, తూటాలోని పెల్లెట్లలో నూటికి ఎన్ని అందులో పడ్డాయో చూసే కొలత ఆ కాలపు పరీక్షల నుంచే మనకి వచ్చింది. ఆ వలయంలో నూటికి 70 పడితే ఫుల్ చోక్, 60 పడితే మాడిఫైడ్, 50 పడితే ఇంప్రూవ్డ్ సిలిండర్. ఏ ఇరుకూ లేని గొట్టం 40 దగ్గర ఉంటుంది.

ఈ కొలత ఎగిరే పక్షుల వేటకి పుట్టింది. టర్కీకి సరిపోదు. ఎందుకు సరిపోదో లెక్క వేసి చూడండి. ఐదో నంబరు సీసం పెల్లెట్లు ఔన్సుకి సుమారు 170 ఉంటాయి. ఔన్సు ముప్పావు పోసిన 12 బోర్ తూటాలో 298 దాకా ఉంటాయన్నమాట. ఫుల్ చోక్ నూటికి 70 చొప్పున 30 అంగుళాల వలయంలోకి 208 పంపింది అనుకుందాం. చాలా బాగుందనిపిస్తుంది. కానీ పుంజు తలకి మెడకి కావాల్సింది 10 అంగుళాల వలయం. దాని వైశాల్యం పెద్ద వలయంలో తొమ్మిదో వంతు. పెల్లెట్లు సమంగా పరుచుకుంటే చిన్న వలయంలో పడేవి 23. మధ్యలో ఎప్పుడూ కాస్త చిక్కగా ఉంటుంది కాబట్టి అంతకన్నా ఎక్కువే పడతాయి, అయినా చాలవు. ఆ వలయంలో తల, మెడ ఆక్రమించే చోటు కొంతే. అందులో ప్రాణం తీసే చోటు ఇంకా కొంచెమే. అందుకే టర్కీ వేటగాళ్ళు ఒక గీత గీసుకున్నారు: 10 అంగుళాల వలయంలో కనీసం 100 పెల్లెట్లు పడాలి. ఎంత దూరంలో 100 పడతాయో అంతవరకే పేల్చాలి. ఇది చట్టం కాదు, వాళ్ళలో వాళ్ళు పెట్టుకున్న కట్టుబాటు. నాకు ఇందులో లోపం కనిపించలేదు.

దీని కోసమే గొట్టం కొసకి మరలతో బిగించే, ఫుల్ కంటే ఇరుకైన టర్కీ చోక్‌లు వచ్చాయి. 12 బోర్ గొట్టం లోపలి వెడల్పు సుమారు 0.729 అంగుళం. మామూలు ఫుల్ చోక్ దాన్ని 0.695 దాకా తగ్గిస్తుంది. టర్కీ చోక్‌లు 0.660 దగ్గరికి, ఇంకా కిందికి కూడా తీసుకెళతాయి. ఎంత ఇరుకైతే అంత మంచిదనుకుని దుకాణంలో అన్నిటికన్నా సన్నని చోక్ అడిగి తెచ్చుకునేవాళ్ళు ఉన్నారు. సీసం మెత్తని లోహం. మరీ ఇరుకులోంచి దూసుకుపోతే పెల్లెట్లు ఒకదానికొకటి ఒత్తుకుని సొట్టలు పడతాయి. సొట్టపడ్డ పెల్లెట్ గాలిలో నేరుగా వెళ్ళదు, పక్కకి జారిపోతుంది. అలా ప్యాటర్న్ బిగిసే బదులు విచ్చిపోతుంది. రాగి పూత పూసిన పెల్లెట్లు, వాటి నడుమ పోసే ప్లాస్టిక్ పొడి, చుట్టూ ప్లాస్టిక్ గిన్నె, ఇవన్నీ ఆ సొట్టలు తగ్గించడానికి వచ్చినవే. ఏ చోక్‌కి ఏ తూటా కుదురుతుందో బయటి నుంచి చూసి చెప్పలేం. ఒకే మోడల్ తుపాకులు రెండు పక్కపక్కన పెట్టి ఒకే తూటా పేలిస్తే రెండు కాగితాలు రెండు రకాలుగా వస్తాయి. పక్కింటాయన తుపాకీకి అద్భుతంగా కుదిరిన తూటా మన తుపాకీలో చిల్లులు చెదరగొట్టవచ్చు. అందుకని ఇంకొకరి ఫలితం మనకి అప్పుగా పనికిరాదు.

ఇక కాగితం దగ్గరికి వద్దాం. ఇక్కడ నేను కొంచెం నెమ్మదిగా చెబుతాను, ఎందుకంటే చాలామంది హడావుడి పడేది ఇక్కడే.

తుపాకీ కాల్చుకునే రేంజ్‌లు అమెరికాలో చాలాచోట్ల ఉంటాయి. అన్నిచోట్లా షాట్‌గన్ ప్యాటర్న్ చూడనివ్వరు, ముందే అడిగి వెళ్ళాలి. వెనక ఎత్తైన మట్టిగట్టు ఉండాలి. కళ్ళకి అద్దాలు, చెవులకి మూతలు తప్పనిసరి. గొట్టం లోపల ఏమీ అడ్డులేదని, చోక్ మరలు పూర్తిగా బిగిశాయని చూసుకోవాలి. ఆ చోక్ ఏ రకం పెల్లెట్లకి పనికొస్తుందో కూడా తెలుసుకోవాలి. సీసానికి చేసిన చోక్‌లో ఉక్కు పెల్లెట్లో టంగ్‌స్టన్ పెల్లెట్లో పేల్చడం గొట్టానికీ మనిషికీ ప్రమాదం.

మూడడుగుల చదరపు కాగితం కావాలి. పార్శిళ్ళు చుట్టే గోధుమరంగు కాగితం చుట్ట కొంటే సీజనంతా వస్తుంది. మధ్యలో స్పష్టంగా కనిపించే చుక్క పెట్టండి. మొదటి తూటా టర్కీ తూటా కాకూడదు. చవకగా దొరికే, తక్కువ మందు ఉన్న మామూలు తూటాతో 20 గజాల నుంచి పేల్చి, పెల్లెట్ల గుంపు చుక్క చుట్టూ పడుతోందా, పక్కకి పోతోందా చూడాలి. టర్కీ తూటా భుజాన్ని గట్టిగా తన్నుతుంది. మొదటి నుంచీ దాన్నే పేలుస్తూ పోతే నాలుగో దెబ్బకి ఒళ్ళు తెలియకుండానే ముడుచుకుంటుంది, ట్రిగ్గర్ నొక్కకముందే కళ్ళు మూసుకుంటాయి. అప్పుడు కాగితం మీద కనిపించేది తుపాకీ తీరు కాదు, మన భయం.

గురి సరిపోయాక టర్కీ తూటా వేసి 40 గజాలకి వెళ్ళండి. ఒక్కో కాగితం మీద ఒక్కటే తూటా. పేల్చగానే తూటా పేరు, పెల్లెట్ నంబరు, చోక్, దూరం ఆ కాగితం మీదే రాసేయండి. సాయంత్రానికి పది కాగితాలు పోగైతే ఏది ఏదో ఎవరికీ గుర్తుండదు. తర్వాత లెక్క. వంటింట్లో భోజనం ప్లేటు ఒకటి కొలిచి చూడండి, చాలా ప్లేట్లు 10 అంగుళాలే ఉంటాయి. దాన్ని బోర్లించి గీత గీస్తే చాలు. ప్రతి చిల్లు మీదా పెన్నుతో గుర్తు పెడుతూ లెక్కపెట్టాలి, లేకపోతే ఒకటే చిల్లు రెండుసార్లు లెక్కకి వస్తుంది.

వలయం ఎక్కడ గీయాలన్నది అసలు ప్రశ్న. చాలామంది చిల్లులు చిక్కగా ఉన్నచోట ప్లేటు పెట్టి, 120 వచ్చాయని సంతోషిస్తారు. అది తుపాకీ బిగువు చెబుతుంది, అంతే. మనం గురి పెట్టిన చుక్క చుట్టూ మళ్ళీ ప్లేటు పెట్టండి. అక్కడ 60 వస్తే? గుంపు బాగుంది, కానీ పుంజు తల పక్కనుంచి పోతోంది. చోక్ గొట్టానికి సూటిగా కూర్చోకపోవడం ఒక కారణం. ముందు చివరనున్న చిన్న పూస ఒక్కటే చూసుకుని గురిపెట్టడం ఇంకో కారణం. చెంప తుపాకీ మడమకి ఆనకుండా తల ఎత్తి చూస్తే గుంపు పైకి పోతుంది. పుంజు కనబడగానే దాన్ని బాగా చూద్దామని తల ఎత్తడం కొత్త పాత తేడా లేకుండా అందరూ చేసేదే. అందుకే ఎరుపు చుక్క కనిపించే సైట్లు ఈ వేటలో బాగా వాడుకలోకి వచ్చాయి. వాటిని అటూ ఇటూ తిప్పి గుంపుని చుక్క మీదికి తెచ్చుకోవచ్చు. నా మటుకు నేను వాటినే వాడమంటాను.

ఒక కాగితం చాలదు. అదే తుపాకీ, అదే తూటా, అదే దూరం, అయినా ఒకసారి 110 పడితే ఇంకోసారి 85 పడతాయి. కనీసం మూడు కాగితాలు, ఓపికుంటే ఐదు. వాటిలో అన్నిటికన్నా మంచిదాన్ని గోడకి అంటించుకోవడం కాదు, అన్నిటికన్నా పేలవమైనదాన్ని జాగ్రత్తగా చూడాలి. పుంజు ఎదురుగా నిలబడ్డ రోజున ఏది వస్తుందో మన చేతిలో లేదు. లెక్కతో పాటు ఖాళీలు కూడా చూడాలి. వలయంలో 100 ఉన్నా, ఒక పక్క అరచేయంత మేర ఒక్క చిల్లు లేకపోతే ఆ తూటా నమ్మదగినది కాదు. టర్కీ తల బొమ్మ, లోపల మెదడు, వెన్నుపూసలు గీసిన కాగితాలు దుకాణాల్లో దొరుకుతాయి. ఆఖరి పరీక్షకి అవి మంచివి. ఎముక గీతల మీద పడ్డ చిల్లులే లెక్క, మిగతావి వదిలేయాలి.

40 దగ్గర తేలాక 30కి, 20కి, చివరికి 10కి కూడా రండి. ఈ ఆఖరిది చాలామంది వదిలేస్తారు. దగ్గరైతే తప్పదు కదా అనుకుంటారు. ఇరుకు చోక్‌తో 10 గజాల దూరంలో పెల్లెట్లన్నీ పిడికిలంత చోట ఒకే పెద్ద కన్నంగా పడతాయి. అంటే ఆ దూరంలో షాట్‌గన్ దాదాపు రైఫిల్‌లా ప్రవర్తిస్తుంది. గురి రెండు మూడు అంగుళాలు పక్కకి పోతే పక్షి క్షేమంగా వెళ్ళిపోతుంది. కాళ్ళ దగ్గరికి వచ్చిన పుంజుని పోగొట్టుకున్న కథలు అక్కడ ప్రతి వేటగాడూ చెబుతాడు. దూరానికి పై హద్దు ఉన్నట్టే కింద కూడా ఒకటుందని ఆ కాగితం చూపిస్తుంది.

బల్ల మీద ఆనించి పేల్చింది ఒక ఎత్తు. అడవిలో నేల మీద కూర్చుని, మోకాలి మీద తుపాకీ ఆనించి పేల్చేది ఇంకో ఎత్తు. చివరి రెండు మూడు తూటాలు అలా కూర్చునే పేల్చండి. వేటలో వేసుకునే దళసరి కోటు, ముఖానికి కట్టుకునే వల కూడా వేసుకోండి. చెంప ఆనే తీరు వాటితో మారిపోతుంది.

ఇప్పుడు టంగ్‌స్టన్ సంగతి. గత కొన్నేళ్ళలో ఈ వేటని ఇంతగా మార్చింది మరొకటి లేదు. సీసం సాంద్రత ఘన సెంటీమీటరుకి 11 గ్రాములు. టీఎస్ఎస్ అని పిలిచే టంగ్‌స్టన్ పెల్లెట్లది 18. అమెరికన్ లెక్కలో నంబరు పెరిగేకొద్దీ పెల్లెట్ చిన్నదవుతుంది. 17 లోంచి నంబరు తీసేస్తే అంగుళంలో నూరో వంతుల లెక్కన దాని వ్యాసం వస్తుంది. ఐదో నంబరుది 0.12 అంగుళం, తొమ్మిదో నంబరుది 0.08. తొమ్మిదో నంబరు టంగ్‌స్టన్ పెల్లెట్ బరువు ఐదో నంబరు సీసం పెల్లెట్ బరువులో సగమే. కానీ అంత సన్నని ముఖం మీద అంత బరువు నిలిచి ఉంటుంది కాబట్టి లోతుకి దిగడంలో దానికి ఏమాత్రం తీసిపోదు. ఔన్సుకి 360 దాకా పడతాయి. పిల్లల తుపాకీ అని తీసిపారేసిన .410 బోర్‌లో ఔన్సులో 13/16 వంతు మాత్రమే పోసినా 290కి పైగా పెల్లెట్లు వస్తాయి. ఇందాక 12 బోర్ సీసం తూటాలో చెప్పుకున్న లెక్క దాదాపు ఇదే. బలమైన తన్నుకి జంకే పిల్లలు, సన్నని భుజాలవాళ్ళు ఇప్పుడు తేలిక తుపాకీతో, ముఖం తిప్పుకోకుండా, శుభ్రంగా వేటాడగలుగుతున్నారు. దీన్ని నేను మనసారా ఆహ్వానిస్తాను.

దాని వెంట వచ్చిన ఇంకో గుణం మాత్రం నాకు గిట్టదు. 12 బోర్‌లో టంగ్‌స్టన్ వేస్తే 60 గజాల దగ్గర కూడా కాగితం చక్కగా కనిపిస్తుంది. ఇక 60లో కొట్టాను, 70లో కొట్టాను అని చెప్పుకునే పోటీ మొదలైంది. కాగితం కదలదు, ముందు పుల్లలుండవు, దూరం టేపుతో కొలిచి ఉంటుంది. అడవిలో ఆ దూరంలో వేలెడు కొమ్మ చాలు గుంపు చెదరడానికి. పైగా ఈ వేటలో ఉన్నదంతా పుంజుని దగ్గరికి పిలవడంలోనే ఉంది. అది 60 గజాల దగ్గర ఆగిపోయిందంటే మన పిలుపు దానికి నచ్చలేదని అర్థం. ఆ పూటకి లేచి ఇంటికి రావడమే సరైనది.

దూరం అంచనా వేయడం విడిగా నేర్చుకోవాలి. ఎండ పడ్డ మైదానంలో పుంజు ఉన్నదానికన్నా దగ్గరగా కనిపిస్తుంది. మసక చీకటిలో, చెట్ల మధ్య లెక్క తారుమారవుతుంది. కూర్చోగానే లేజర్ రేంజ్‌ఫైండర్‌తో నాలుగు దిక్కులా ఒక్కో చెట్టో రాయో కొలిచి పెట్టుకోవాలి. ఆ చెట్టు ఇవతలికి వస్తే పేలుస్తాను, రాకపోతే లేదు. పుంజు కనిపించాక కొలుద్దామంటే కుదరదు. దాని కళ్ళు తలకి రెండు పక్కలా ఉంటాయి, రంగులు మనకన్నా బాగా తెలుస్తాయి, చెయ్యి కదిలిందంటే మాయమైపోతుంది.

రంగుల మాట వచ్చింది కాబట్టి ఒక జాగ్రత్త. ఉత్సాహంలో ఉన్న పుంజు తల ఎరుపు, తెలుపు, నీలం రంగుల్లోకి మారుతుంది. ఆ మూడు రంగుల్లో దేన్నీ ఒంటి మీద కనబడనివ్వకూడదు. కూత వినిపించిన వైపు పాక్కుంటూ వెళ్ళనే కూడదు. అక్కడ కూస్తున్నది ఇంకో వేటగాడు కావచ్చు.

ఇక చట్టం మాట. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటని నిషేధించింది. తెలుగు రాష్ట్రాల్లో టర్కీ కోళ్ళు కనిపిస్తున్నాయంటే అవి పెంపకం కోళ్ళు. నేను చెబుతున్నదంతా అమెరికా గడ్డకి, అక్కడి అనుమతులకి చెందిన విషయం. అక్కడ స్థిరపడిన తెలుగువాళ్ళలో ఈ వేట నేర్చుకుంటున్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళకో ముఖ్యమైన మాట. హెచ్-1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం సాధారణంగా నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవాళ్ళకి ఆ చట్టంలో మినహాయింపు ఉంది. స్నేహితుడి తుపాకీతో రేంజ్‌లో కాగితం మీద పేల్చినా ఈ సంగతి వర్తిస్తుంది. కాబట్టి ముందు లాయర్ని అడగండి, వేట శిక్షణ క్లాసు పూర్తిచేయండి, లైసెన్సు తీసుకోండి, ఆ తర్వాతే తుపాకీ ముట్టుకోండి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకి ఈ వీసా చిక్కు లేదు. ఎవరైనా ఆ రాష్ట్రపు నియమాలు మాత్రం చదివి తీరాలి. ఏ నంబరు పెల్లెట్లు వాడవచ్చో, సీసం వాడవచ్చో లేదో రాష్ట్రానికో తీరు. కాలిఫోర్నియా 2019 జులై నుంచి వేటలో సీసాన్ని పూర్తిగా నిషేధించింది.

అడవి టర్కీ ఇవాళ అలాస్కా తప్ప మిగతా 49 రాష్ట్రాల్లోనూ ఉందంటే అది దానంతట అది జరగలేదు. అడవులు నరికి, సీజన్ లేకుండా వేటాడి, ఇరవయ్యో శతాబ్దం మొదటికి చాలా రాష్ట్రాల్లో దాన్ని లేకుండా చేశారు. దొడ్లలో పెంచిన కోళ్ళని అడవుల్లో వదిలి చూశారు, అవి బతకలేదు. 1950ల నుంచి మందుగుండుతో ఎగిరే వలలు వేసి అడవి పక్షుల్నే పట్టి, ఖాళీ అయిన అడవులకి తరలించడంతో దశ తిరిగింది. మిస్సోరీలో 1960లో మూడు రోజుల వసంత సీజన్ తెరవగలిగారు. ఈ పనికి డబ్బు ఎక్కువగా 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం నుంచి వచ్చింది. వేట తుపాకుల మీద, తూటాల మీద వేసే నూటికి 11 వంతుల పన్ను సొమ్ముని రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకి ఇచ్చే చట్టం అది. మనం కాగితం మీద పేల్చే తూటాలో కూడా ఆ పన్ను ఉంది. టర్కీ తూటాలు ఖరీదైనవి, కాగితం మీద వృథా చేయడం ఎందుకని అడిగేవాళ్ళకి నేను ఇదే జవాబు చెబుతాను. దక్షిణాది రాష్ట్రాల్లో కొన్నిచోట్ల ఇటీవల పక్షుల సంఖ్య మళ్ళీ తగ్గుతోంది. సీజన్ వెనక్కి జరిపిన రాష్ట్రాలు, మనిషికి ఇన్ని పుంజులన్న పరిమితి తగ్గించిన రాష్ట్రాలు ఉన్నాయి. గాయపడి పొదల్లో చచ్చిన పుంజు ఏ పరిమితి లెక్కలోకీ రాదు. అడవి లెక్కలో మాత్రం ఒకటి తగ్గుతుంది.

చోక్ మార్చినా, సైట్ విప్పి బిగించినా, అదే కంపెనీ తూటాలో పెల్లెట్ నంబరు మార్చినా మళ్ళీ కాగితం దగ్గరికి రావాల్సిందే. ఏమీ మార్చకపోయినా ప్రతి ఏడూ సీజన్ ముందు ఒక్క తూటా పేల్చి చూసుకోండి. కారు డిక్కీలో, అటక మీద ఏడాది పడున్న సైట్ జరిగి ఉండవచ్చు.

వేట ఫలించిందనుకోండి. పుంజుని కోసేటప్పుడు మెడ దగ్గర నుంచి రొమ్ము పైభాగం వరకు వేళ్ళతో తడిమి చూడండి. కాగితం మీద వలయం బయట అక్కడక్కడా పడ్డ చిల్లులున్నాయే, అవి ఇక్కడ కండలో దొరుకుతాయి. పెల్లెట్ తనతో పాటు ఈకని కూడా లోపలికి లాక్కుపోతుంది. నల్లగా కమిలిన చోట ఈక కొస కనిపిస్తే దాని వెంట కత్తి దింపితే పెల్లెట్ తగులుతుంది. సీసమైతే ఆ కమిలిన కండని చుట్టూ ధారాళంగా కోసి పారేయండి, పిల్లలు తినే ఇంట్లో అసలు మొహమాటపడొద్దు. టంగ్‌స్టన్ అయితే ఇంకా జాగ్రత్తగా వెతకాలి, అది పంటికి తగిలితే విరిగేది పన్నే. రొమ్ము ముక్కని పల్చగా కోసి దీపం వెలుగుకి ఎత్తి చూస్తే మిగిలినవీ కనబడతాయి. ఆ తర్వాతే ఉప్పు, పసుపు.